లెక్కల ఇంటి ముందు దుబాసీ

అనువాదం అనగానే మన వారపత్రికల పాఠకులకు నవలలు జ్ఞాపకం వస్తాయి. శరత్‌బాబు నవలలు చక్రపాణి గారి చేతిమీదుగా తెలుగులోకి వచ్చి, మన ఇళ్ళల్లో మన చుట్టాల్లాగే తిరిగాయి. శరత్‌బాబు తెలుగువాడేనని చాలాకాలం నమ్మినవారు లేకపోలేదు. అనువాదకుడికి అంతకన్న పెద్ద బహుమానం ఏముంటుంది?

ఈ వారం నేను చెప్పదలచింది కూడా ఒక రకం అనువాదం సంగతే. కాని ఇది కథలకు కాదు, లెక్కలకు. కంప్యూటర్లకు కూడా భాషలున్నాయని మీకు తెలుసు. ఒక భాషలో రాసిపెట్టిన లెక్కలను మరొక భాష మాట్లాడేవాడు వాడుకోవాలంటే ఏం చెయ్యాలి? అదీ ప్రశ్న.

"లెక్కకు భాషేమిటండీ? రెండూ రెండూ ఏ భాషలోనైనా నాలుగే కదా!" అంటారు మీరు. నిజమే. నాలుగు నాలుగే. కాని ఆ నాలుగు రాసిన కాయితం ఎవరి దగ్గర వుండాలి? చూసుకోవటం అయిపోయాక దాన్ని ఎవరు చింపెయ్యాలి? లెక్క కుదరకపోతే ఆ మాట ఎవరు ఎవరితో ఎలా చెప్పాలి? తగాదాలన్నీ అక్కడే పుడతాయి. అంకెల దగ్గర కాదు, ఆచారాల దగ్గర.

ఊరికే మాటలు చెప్పటం కంటె ఒక నిజమైన ఉదాహరణ తీసుకుంటాను.

2000 సంవత్సరంలో ఇటలీవారు కొందరు, ఫెర్డినాండో అమెట్రానో, లుయీజీ బల్లాబియో మొదలైనవారు, క్వాంట్‌లిబ్ అనే లైబ్రరీని ప్రారంభించారు. లైబ్రరీ అంటే పుస్తకాలు కాదు. డబ్బు వ్యవహారాలకు సంబంధించిన లెక్కలు చెయ్యటానికి రాసిన ప్రోగ్రాముల భాండాగారం. బాండు ధర ఎంత, దాని మీద గిట్టుబాటు ఎంత, వడ్డీరేట్లు ఏ గడువుకు ఎలా వున్నాయి, ఆప్షనుకు న్యాయమైన వెల ఎంత అన్నవన్నీ అందులో వున్నాయి. దాన్ని ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, తమ వ్యాపారంలో పెట్టుకోవచ్చు. రాసినవారి హక్కు ప్రకటన మాత్రం చెరపకూడదు.

ఆప్షను అంటే కంగారుపడనక్కరలేదు. మన భూముల బేరాల్లో బయానా లాంటిదే. ఒక ఆసామి, "మీ ఎకరం 10 లక్షలకు మూడు నెలల్లోగా కొంటాను, లేకపోతే ఈ 20 వేలూ మీవే" అని చెప్పి డబ్బిచ్చాడనుకోండి. ధర పెరిగితే కొంటాడు. పడిపోతే 20 వేలూ వదులుకుని తన దారిన పోతాడు. మరి ఆ 20 వేలు సరైన మొత్తమేనా? 15 వేలు చాలునా, 30 వేలు అడగాలా? షేర్ల విషయంలో ఈ ప్రశ్నకు 1973లో ఫిషర్ బ్లాక్, మైరన్ షోల్స్ ఒక సూత్రం ప్రకటించారు. రాబర్ట్ మెర్టన్ కూడా అదే ఏడు ఈ విషయం మీద రాశాడు. 1997లో షోల్స్‌కు, మెర్టన్‌కు ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. బ్లాక్ అంతకు రెండేళ్ల ముందే పోయాడు.

అయితే నన్నడిగితే, ఈ లైబ్రరీలో గొప్పదనం ఆ పెద్ద సూత్రాల్లో లేదు. సూత్రాలు పుస్తకాల్లో దొరుకుతాయి. గొప్పదనం చిల్లర పనుల్లో వుంది. రోజులు లెక్కపెట్టటం చూడండి. కోటి రూపాయలు నూటికి 7.3 చొప్పున వడ్డీకి ఇచ్చాం. 2024 జనవరి 15 నుంచి జూలై 15 వరకు వడ్డీ ఎంత? నిజంగా వేళ్లమీద లెక్కపెడితే, అది లీపు సంవత్సరం కనక, 182 రోజులు. ఏడాదికి 365 రోజులనుకుంటే రోజుకు 2,000 రూపాయలు. మొత్తం 3,64,000. కాని ప్రతి నెలకూ 30 రోజులే, ఏడాదికి 360 రోజులే అనే సంప్రదాయం ఒకటుంది. దాని ప్రకారం 180 రోజులు. వడ్డీ 3,65,000. రెండు లెక్కలూ తప్పు కావు. మన దేశంలో ప్రభుత్వ బాండ్లకు 30–360 పద్ధతి, ట్రెజరీ బిల్లులకు 365 పద్ధతి. ఏ కాయితానికి ఏ పద్ధతో తెలియకపోతే కోటికి వెయ్యి రూపాయలు తేడా వస్తుంది. వెయ్యి కోట్ల దగ్గర అది 10 లక్షలు. ఎవరి పింఛను నిధిలోనో ఆ తేడా పడుతుంది.

ఇంకొక చిల్లర పని సెలవులు. వడ్డీ చెల్లించవలసిన రోజు సెలవైతే మరునాటికి మారుతుంది. అందుకని ఈ లైబ్రరీలో దేశదేశాల సెలవుల పట్టికలున్నాయి. మన బొంబాయి జాతీయ స్టాక్ ఎక్స్ఛేంజి పట్టిక కూడా వుంది. జనవరి 26, ఆగస్టు 15, అక్టోబరు 2 ఏటేటా ఒకే తేదీ కనక ఒక్కసారి రాస్తే చాలు. గుడ్ ఫ్రైడేకు ఈస్టరు గణితం వుంది. మరి మహాశివరాత్రికి, శ్రీరామనవమికి, వినాయకచవితికి, రంజానుకు? ఇవి తిథుల మీదా చంద్రుడి మీదా నడిచేవి. దానికి పంచాంగం తెలియదు. అంచేత ఏ ఏటికాయేడు తేదీలు వరసగా రాసుకుంటూ పోయారు. ఏయే సంవత్సరాలకు పట్టిక వుందో అక్కడే చెప్పి వుంటుంది. పట్టిక లేని సంవత్సరానికి తిథుల పండుగ రోజు కూడా దానికి పనిదినమే! అది తెలిసి వాడుకునేవాడికి ప్రమాదం లేదు. తెలియనివాడికి వుంది.

ఇదంతా రాసిన భాష పేరు సి ప్లస్ ప్లస్. డెన్మార్కు దేశస్థుడైన బ్యార్నె స్ట్రౌస్ట్రుప్ 1979లో అమెరికాలోని బెల్ లాబొరేటరీలో మొదలుపెట్టాడు. 1983లో దానికి ఆ పేరు వచ్చింది. చాలా వేగంగా పనిచేస్తుంది. కాని నియమనిష్ఠలు జాస్తి. మడి కట్టుకుని వంట చేసే ఇల్లు అనుకోండి. ఏది ఎక్కడ పెట్టాలో, ఎవరు ఏది ముట్టుకోవచ్చో ముందే చెప్పాలి.

రెండవది పైథాన్. హాలెండులో గిడో వాన్ రాసమ్ 1989 క్రిస్మస్ సెలవుల్లో రాయటం మొదలుపెట్టి 1991లో బయటపెట్టాడు. పేరు పాముది కాదు, మాంటీ పైథాన్ అనే హాస్యబృందానిది. ఇది చలివేంద్రం లాంటిది. ఎవరైనా వచ్చి నాలుగు మాటలు రాసి పని చూసుకోవచ్చు. బ్యాంకుల్లో లెక్కలు చూసేవారు, కాలేజీ కుర్రవాళ్లు, పరిశోధకులు ఎక్కువమంది మాట్లాడేది ఇవాళ ఇదే.

సరుకు మడి ఇంట్లో వుంది. జనం చలివేంద్రం దగ్గర వున్నారు. ఏం చెయ్యాలి?

ఒక మార్గం వుంది. మొత్తం లైబ్రరీని కొత్త భాషలో తిరగరాయటం. నవలను అనువదించినట్లే. జావా అనే భాషలో ఆ ప్రయత్నం జరిగింది కూడా. దాని పేరు జెక్వాంట్‌లిబ్. శ్రమకు దండం పెట్టవలసిందే. కాని నవలకూ లైబ్రరీకి ఒక తేడా వుంది. శరత్‌బాబు రాసిన దేవదాసును ఇవాళ ఎవరూ మార్చరు. పార్వతి కథ అక్కడితో ముగిసింది. లైబ్రరీ అలా కాదు. మూలం రాసినవారు రోజూ దిద్దుతూనే వుంటారు. కొత్త పద్ధతులు చేరుస్తారు. తప్పులు పట్టి సరిచేస్తారు. అనువాదకుడు ఒక అధ్యాయం పూర్తిచేసేలోగా మూలంలో మూడు అధ్యాయాలు మారిపోతాయి. జావా ప్రతి మూలం కంటె వెనకబడిపోయింది.

వెనకబడటం కంటె పెద్ద చిక్కు మరొకటి వుంది. ఒకే లెక్కకు రెండు ప్రతులుంటే అవి ఏదో ఒకనాడు వేరు వేరు సమాధానాలు చెబుతాయి. మనకిది కొత్త కాదు. రెండు పంచాంగాలు రెండు రోజులు పండుగ చెప్పినప్పుడు ఏమవుతుందో ప్రతి వీధికీ తెలుసు. అత్తవారింట్లో ఇవాళ, పుట్టింట్లో రేపు. పండుగకైతే ఫరవాలేదు, రెండుసార్లు బూరెలు తినవచ్చు. బాండుకు రెండు ధరలుంటే ఎవరో ఒకరి డబ్బు పోతుంది.

కనక రెండవ మార్గం. లెక్కను కదిలించకూడదు. అది రాసిన ఇంట్లోనే, రాసిన భాషలోనే వుండాలి. వాకిట్లో ఒక దుబాసీని కూచోబెట్టాలి.

దుబాసీ అన్న మాట ఇప్పుడు అంతగా వినబడటం లేదు. ద్విభాషి అన్నదే దుబాసీ అయింది. కుంపినీవారి కాలంలో చెన్నపట్నంలో దొరలకూ మన వర్తకులకూ మధ్య మాటలు నడిపినవారు దుబాసీలు. కాశీయాత్ర చరిత్ర రాసిన ఏనుగుల వీరాస్వామయ్య గారు మద్రాసు సుప్రీంకోర్టులో చేసిన ఉద్యోగం ఇదే. 1830–31లో ఆయన కాశీకి వెళ్లివచ్చిన సంగతి అందరికీ తెలుసు. ఆయన భుక్తి మాత్రం రెండు భాషల మధ్య నిలబడటంలో వుంది. దుబాసీ చట్టం చెయ్యడు, తీర్పు చెప్పడు, సరుకు అమ్మడు. కాని అతను ఒక్క మాట జారితే చట్టమూ తీర్పూ సరుకూ మూడూ తారుమారవుతాయి.

కంప్యూటర్ల దుబాసీల్లో పేరుపడ్డది స్విగ్. అమెరికాలో లాస్ అలమోస్ ప్రయోగశాలలో డేవిడ్ బీజ్‌లీ 1995లో దీన్ని ప్రారంభించి, 1996 ఫిబ్రవరిలో లోకానికి ఇచ్చాడు. అక్కడి భౌతికశాస్త్రజ్ఞులు పెద్ద పెద్ద లెక్కలు వేగమైన భాషలో రాసి, వాటిని సులువైన భాషలోంచి నడపాలనుకున్నారు. వారి అవసరంలోంచి పుట్టిన ఈ పనిముట్టు తరవాత విత్త గణితానికి కూడా పనికివచ్చింది.

ఇది పనిచేసే తీరు చెబుతాను. మనం ఒక ఒప్పందపత్రం లాంటిది రాయాలి. లోపల ఏయే వస్తువులున్నాయి, ఒక్కొక్కటి ఏం తీసుకుంటుంది, ఏం ఇస్తుంది అన్నది మాత్రమే అందులో వుంటుంది. లెక్క ఎలా చేస్తుందో రాయనక్కరలేదు. ఆ పత్రాన్ని స్విగ్ చదివి రెండు రాతలు తయారుచేస్తుంది. ఒకటి సి ప్లస్ ప్లస్ వైపు కూచునేది, రెండవది పైథాన్ వైపు నిలబడేది. పైథాన్ వాడు అడిగిన మాట ఇవతలివాడు అందుకుని అవతలివాడికి ఇస్తాడు. లోపల లెక్క జరుగుతుంది. జవాబు అదే దారిన వెనక్కు వస్తుంది. ఒప్పందపత్రంలో ఎక్కువ భాగాన్ని పైథాన్‌కే కాక జావాకు, సి షార్ప్‌కు, ఆర్ అనే భాషకు కూడా వాడుకోవచ్చు.

చెప్పటానికి ఇంత సులువుగా వుంది. మరి పనెక్కడుంది? అన్నాను కదా, ఆచారాల దగ్గర.

మొదటిది పేర్లు. బాండు మీద వచ్చే గిట్టుబాటును ఇంగ్లీషులో యీల్డ్ అంటారు. లైబ్రరీలో బాండుకు సంబంధించిన ఒక పని పేరు కూడా అదే. కాని పైథాన్‌లో ఆ మాట ఆ భాష తన సొంతానికి వుంచుకున్నది, ఇంకెవరూ పెట్టుకోకూడదు. మన ఇళ్లల్లో అత్తగారి పేరు పిల్లకు పెడితే కోడలు ఆ పేరు పలకలేక "బుజ్జీ" అనో "అమ్మాయీ" అనో పిలుస్తుంది చూడండి, ఇదీ అలాంటిదే. దుబాసీ ఆ పేరును బాండ్‌యీల్డ్ అని మార్చాడు. మనిషి అదే, వాకిలి దాటాక పిలిచే పేరు వేరు.

రెండవది అచ్చులు. సి ప్లస్ ప్లస్‌లో ఒక అచ్చు తయారుచేసుకుని దానిలో ఏ పాకం పోస్తే ఆ వస్తువు తీసుకునే సౌకర్యం వుంది. బెల్లపు అచ్చులాగ. పైథాన్‌కు ఆ అచ్చు అవతలికి వెళ్లదు. పోసిన దిమ్మలే వెళతాయి. కనక ఏయే దిమ్మలు కావాలో ముందే ఆలోచించి, ఒక్కొక్కటి పోయించి, ఒక్కొక్క దానికి పేరు పెట్టి ఒప్పందపత్రంలో రాయాలి. ఎవరూ రాయని దిమ్మ పైథాన్‌కు లేనట్టే. మూలంలో ఆ సౌకర్యం వున్నా సరే. "అవతల వుందిట, మాకెందుకు కనపడదు?" అని అడిగేవారికి జవాబు ఇంతే: దుబాసీకి దాన్ని గురించి ఎవరూ చెప్పలేదు.

మూడవది తేదీ. ఈ లైబ్రరీలో మనలాగే ముందు రోజు, తరవాత నెల, ఆ తరవాత సంవత్సరం. పైథాన్ సొంత తేదీలో ముందు సంవత్సరం, చివర రోజు. లైబ్రరీకి 1901 మొదలు 2199 వరకు తప్ప వేరే సంవత్సరాలు తెలియవు. తలకిందులుగా ఇస్తే ఒప్పుకోదు. ఒక తేదీని మరొక తేదీగా మార్చే పని కూడా దుబాసీ చేసిపెడతాడు.

నాలుగవది ఖాళీ. ఏమీ లేదు అని చెప్పటం చాలా కష్టమైన పని. పైథాన్‌కు "ఏమీ లేదు" అనటానికి ఒక ప్రత్యేకమైన మాట వుంది. సి ప్లస్ ప్లస్‌లో అంకె వుండవలసిన చోట అంకే వుండాలి. అంచేత లైబ్రరీ రాసినవారు ఎవరూ నిజంగా వాడని ఒక మహాసంఖ్యను, 39 అంకెల సంఖ్యను, "ఇక్కడ ఏమీ లేదు" అనటానికి గుర్తుగా పెట్టుకున్నారు. లోపలివారికి అది తెలుసు. బయటివాడి చేతికి ఆ సంఖ్య తిన్నగా వస్తే? అది లేమి కాదు, కుబేరుడి ఐశ్వర్యం అనుకుంటాడు. కొన్ని చోట్ల పైథాన్ వాడు తన పద్ధతిలో ఖాళీ ఇస్తే దుబాసీయే దాన్ని లోపలి గుర్తుగా మార్చి పంపుతాడు. తక్కిన చోట్ల అడిగేవాడే తెలుసుకుని అడగాలి.

ఐదవది కోపం. లోపల లెక్క కుదరకపోతే లైబ్రరీ ఊరుకోదు. ఫలానా కారణంచేత ఇది కాదు అని గట్టిగా కేక పెడుతుంది. ఆ కేకను వాకిట్లో ఎవరూ అందుకోకపోతే ప్రోగ్రాము మొత్తం అక్కడికక్కడే కూలిపోతుంది. అందుకని దుబాసీ ప్రతి మాట దగ్గరా చెవి వొగ్గి, కేక వినగానే దాన్ని పైథాన్‌కు తెలిసిన రకం తప్పుగా మార్చి, కారణం పొల్లుపోకుండా చెబుతాడు. వినేవాడు సర్దుకుని మళ్ళీ ప్రయత్నించవచ్చు. దొర తిట్టిన తిట్టును మెత్తబరిచి చెప్పే దుబాసీ మనకు మంచివాడుగా కనపడతాడు. ఇక్కడ అలాంటివాడు పనికిరాడు. తప్పును మెత్తబరిస్తే తప్పు ధర బయటికి వస్తుంది. ఏదో ఒక అంకె వచ్చింది కదా అని జనం నమ్ముతారు. లెక్కల్లో కేక కంటె మౌనం ప్రమాదకరం.

ఆరవది అన్నిటికంటె చిక్కయింది. వస్తువు ఎవరిది? పారెయ్యవలసిన వాడెవడు?

కంప్యూటరు జ్ఞాపకం అద్దె గది లాంటిది. పని అయ్యాక ఖాళీ చెయ్యాలి. చెయ్యకపోతే గదులు నిండిపోతాయి. ఇంకా ఎవరో వుండగా ఖాళీ చేస్తే వాళ్ల నెత్తిన పైకప్పు పడుతుంది. సి ప్లస్ ప్లస్‌లో ఈ లైబ్రరీవారు మంచి ఏర్పాటు చేసుకున్నారు. ఒక వస్తువును ఎంతమంది పట్టుకుని వున్నారో లెక్క వుంటుంది. ఆఖరున వదిలినవాడు దీపం ఆర్పి తలుపు వేస్తాడు. పైథాన్‌లో కూడా ఇంచుమించు ఇదే పద్ధతి. కనక దుబాసీ రెండు లెక్కలనూ ముడిపెట్టి, పైథాన్ వాడు పట్టుకున్నంతకాలం లోపలివాడి పద్దులో కూడా ఒక చెయ్యి వుండేలా చూస్తాడు. వ్యవహారం సజావుగా సాగుతుంది.

జావా, సి షార్ప్ అలా కాదు. అక్కడ ఎవరి పాత్రలు వారు కడుక్కోరు. ఊడ్చేవాడు ఒకడు వేరే వుంటాడు. వాడికి తీరినప్పుడు వస్తాడు, ఎవరూ వాడనిదాన్ని ఎత్తుకుపోతాడు. వాడు పనిచేసే వేళ మనకు చెప్పడు. మనం మన పనిలో వుండగానే వాడు పక్కన వాడి పనిలో వుంటాడు.

దీనివల్ల వచ్చిన ముప్పు ఏమిటంటే, క్వాంట్‌లిబ్‌లో కబుర్లు చెప్పుకునే ఏర్పాటు ఒకటి వుంది. బజారులో ఒక వడ్డీరేటు మారితే, దానిమీద ఆధారపడ్డ బాండ్లకూ ఆప్షన్లకూ వరసగా కబురు వెళుతుంది. ఆ తరవాత ఎవరు ధర అడిగినా కొత్త రేటుతో లెక్క తిరిగి జరుగుతుంది. మన గ్రామాల్లో దండోరా వేసినట్టు. దండోరావాడు జాబితా పట్టుకుని ఇంటింటికీ పోతుంటాడు. సరిగ్గా అప్పుడే ఊడ్చేవాడు జాబితాలో వున్న ఒక ఇంటిని ఎవరూ వుండటం లేదని కూలగొట్టేస్తే? దండోరావాడు లేని గడప మీద కాలు వేస్తాడు. ప్రోగ్రాము పడిపోతుంది.

అది రోజూ జరగదు. పదివేలసార్లు బాగానే వుండి పదివేల ఒకటోసారి జరుగుతుంది. మళ్లీ చేసి చూపించమంటే జరగదు. లెక్క చూడండి, తప్పు లేదు. సూత్రం చూడండి, తప్పు లేదు. రెండిళ్ల ఆచారాలూ విడివిడిగా చూస్తే ఏదీ తప్పు కాదు. రెండూ ఒక గడప దగ్గర కలిసినప్పుడే ప్రమాదం. దీనికి క్లాస్ స్పాండెరెన్ అనే ఆయన మందు కనిపెట్టాడు. కబురు వెళుతూ వుండగా ఇల్లు కూలకుండా కాపలా వుండే మరో రకం ఏర్పాటు రాశాడు. దానివల్ల వేగం కొంత తగ్గుతుంది కనక అందరికీ అంటగట్టలేదు. జావా నుంచో సి షార్ప్ నుంచో వాడేవారు లైబ్రరీని కట్టేటప్పుడే ఆ మీట నొక్కి కట్టుకోవాలి. నొక్కటం మరిచినవాడికి దేవుడే దిక్కు.

వాకిలి దాటటానికి సుంకం కూడా వుంది. ప్రతి మాటా దుబాసీ ద్వారా పోవాలి కనక కొంత కాలం పడుతుంది. ఒక్క మాటకైతే తెలియదు. లక్ష మాటలకు తెలుస్తుంది. పులుసు పొయ్యిమీద పెట్టి, ఒకసారి మిరపకాయకు, ఒకసారి ఉప్పుకు, ఒకసారి కరివేపాకుకు బజారుకు పరుగెత్తేవాడి వంట ఎప్పటికి అవుతుంది? తెలిసినవాడు కావలసినవన్నీ ఒక్క చీటీమీద రాసి ఒకేసారి పంపుతాడు. పెద్ద పని లోపల జరగనిచ్చి, ఫలితం మాత్రం బయటికి తెచ్చుకుంటాడు.

ఇంత చెప్పాక, ఎందుకీ అవస్థంతా అని మీరడగవచ్చు. నా ఉద్దేశం చెబుతాను.

డబ్బు లెక్కలు పెద్ద సంస్థల రహస్యంగా వుండిపోవటం తేలిక. ధర వారు చెబుతారు, మనం నమ్ముతాం. క్వాంట్‌లిబ్ లాంటి లైబ్రరీ బహిరంగంగా వుండటంవల్ల ఎవరైనా ఆ లెక్క తిరిగి వేసి చూసుకోవచ్చు. కాని తలుపు తెరిచి వున్నంత మాత్రాన సరిపోదు. లోపలి భాష రానివాడికి తెరిచిన తలుపూ మూసిన తలుపే. వరంగల్లులోనో అనంతపురంలోనో చదువుకునే పిల్లవాడు మూడేళ్లు సి ప్లస్ ప్లస్ నేర్చుకుంటేగాని ఒక బాండు ధర సరిచూడలేడంటే, ఆ ఉచితం ఎవరికి ఉచితం? ఇవాళ అతను పైథాన్‌లో ఒక్క ఆజ్ఞ రాస్తే లైబ్రరీ మొత్తం అతని యంత్రంలో కూచుంటుంది. పెద్ద పట్నంలో వుండి వాడుకునేవాడికి ఏ లెక్క వస్తుందో అతనికీ అదే లెక్క వస్తుంది. తిరగరాసిన ప్రతి కాదు. సాక్షాత్తూ అదే.

ఇది సాధ్యం చేసింది సూత్రాలు కనిపెట్టినవారు మాత్రమే కాదు. వాకిట్లో కూచున్నవారు. మూలంలో కొత్త వస్తువు వచ్చినప్పుడల్లా ఒప్పందపత్రం విప్పి ఒక పంక్తి చేర్చేవారు. ఏడాది మారగానే పండుగల తేదీలు రాసేవారు. అడిగినవాడికి విసుక్కోకుండా జవాబు చెప్పేవారు. ఇలాంటి పనికి నోబెల్ బహుమతులు లేవు. బాగా చేస్తే దుబాసీ అక్కడ వున్నాడనే ఎవరికీ తెలియదు. శరత్‌బాబు తెలుగువాడే అని మనవారు నమ్మినట్టు, పైథాన్ రాసేవారిలో ఎందరో ఇది పైథాన్ లైబ్రరీయే అనుకుంటూ వుంటారు.

వాడుకునేవారికి మాత్రం ఒక మాట చెప్పి ముగిస్తాను. గట్టి లైబ్రరీ తీసుకున్నాం కదా అని ధైర్యపడవద్దు. లోపలి లెక్కను ఇరవై అయిదేళ్లుగా వేలమంది పరీక్షించారు. పరీక్షించవలసింది గడపను. జవాబు ముందే తెలిసిన చిన్న లెక్క ఒకటి, ఇందాకటి కోటి రూపాయల వడ్డీలాంటిది, కాయితంమీద వేసుకోండి. అదే లెక్క దుబాసీ ద్వారా అడగండి. 3,65,000 రావలసిన చోట 3,64,000 వస్తే లైబ్రరీని తిట్టకండి. మీరు ఏ పద్ధతి అడిగారో, దుబాసీ లోపలికి ఏ మాట మోసుకెళ్ళాడో ముందు చూడండి. కోర్టులో సాక్షికి కూడా ఇదే నియమం: దుబాసీ చెప్పింది నీ మాటేనా అని ఒకసారి అడిగి తెలుసుకున్నాకే సంతకం పెట్టాలి.